వంకర వంతెన

ఒడ్డున వాలుగా నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం, దాన్నుంచి దిగిన ఇనుప తీగలు, వాటికి వేలాడుతూ నది మీద మెలిక తిరిగిన దారి. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. ఇంకా తెరవకముందే ఊరంతా దానికి వంకర వంతెన అని పేరు పెట్టేసింది.

దాన్ని గీసిన ఆర్కిటెక్టుకి అసలు తలనొప్పి ఇంట్లోనే ఉంది. మామగారు ఇంజనీరుగా పనిచేసినన్నాళ్లూ సూటి వంతెనలే కట్టిన మనిషి.

"వంతెనకి వయ్యారాలెందుకమ్మాయ్?" అనేవారు భోజనాల దగ్గర.

"సూటిగా వేస్తే రెండువైపులా మెట్లు పెట్టాలి మామయ్యా. సైకిలు భుజానేసుకుని ఎవరెక్కుతారు? మెలిక తిప్పితే దారి సాగి వాలు తగ్గుతుంది."

"జనం ఒక్కసారిగా అడుగేస్తే ఊగిపోతుంది చూడు!"

"అయితే తెరిచేముందు ఊపు పరీక్ష ఉంటుంది, ఆ రోజు మీరే వచ్చి ఊపండి."

విసుగులో అన్న మాట. ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నారు. పరీక్ష రోజు పొద్దున్నే తనతో నడకకొచ్చే పెద్దవాళ్లందర్నీ వెంటేసుకుని దిగారు.

"ఎడమ! కుడి!" అని అరుస్తూ వంతెన మధ్యదాకా నడిపించారు. అక్కడ ఊపు కొలిచే యంత్రం తెరనే చూస్తూ కోడలు నిలబడింది.

"ఇప్పుడు గెంతండి!"

బట్టతలలూ నెరిసిన ముడులూ ఒకేసారి లేచి పడ్డాయి. వంతెన సన్నగా వణికి సర్దుకుంది. తెర మీద గీత కాస్త లేచి, హద్దుకి ఎంతో కిందే ఆగిపోయింది.

"మళ్లీ!"

మళ్లీ అంతే. ఇంకాస్త గట్టిగా గెంతారు. అయినా అంతే. చివరికి ఆయనే ఆయాసంతో కమ్మీకి చేరగిలబడ్డారు.

"ఏం చేశావమ్మా దీనికి?"

"అడుగున బరువులు వేలాడదీశాం. వంతెన అటు ఊగబోతే అవి ఇటు లాగుతాయి."

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదే?"

"మీరు తిట్టడం ఆపితేగా!"

ఆయన పకపకా నవ్వి, వెనక్కి తిరిగి గొంతెత్తారు. "చూశారా! మా కోడలు కట్టిందంటే అలా ఉంటుంది!"

"ఇందాకటిదాకా ఊగిపోతుందన్నావుగా?" అన్నాడు పక్కనున్న స్నేహితుడు.

"నేనా? ఎప్పుడు?"

వెంటనే దారికి పెట్టిన అడ్డుకర్రలు తీసేశారు. ఎప్పుడు తెరుస్తారా అని కాచుకున్న జనం రెండు ఒడ్లనుంచీ ఈలలేస్తూ ఎక్కారు, సైకిలు గంటలు నది మీద మోగిపోయాయి. ఆర్కిటెక్టు ఎవరిదో సైకిలు అడిగి తీసుకుంది. ఎక్కడా దిగకుండా మెలిక ఎక్కేసి, అవతలి వాలులో తొక్కడం మానేసి, రెండు చేతులూ గాల్లోకెత్తి కేక పెట్టింది.