చిట్టియ్య దువ్వెన

తడిపిన గోనెపట్టాతో చిట్టియ్య షెడ్డు గచ్చు తుడుస్తున్నాడు. నిన్నటి సుద్దగీతలు పోతేగాని ఇవాళ్టి పనికి చోటుండదు. భీమవరంలో ముప్పై ఏళ్లుగా వెల్డింగు చేస్తున్నా ఒక్క కొలతా కాగితం మీద పెట్టని మనిషి. గచ్చు మీద గీయడం, పని అవగానే తుడిచెయ్యడం, అంతే. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు, ఎడమ కంట్లో ఎప్పుడూ నీరు.

రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ ఇరుసుకి నాచు చుట్టుకుని మోటార్లు కాలిపోతుంటే, సైకిల్ చువ్వలు వంచి ఓ దువ్వెన చేశాడు. నాచు చుట్టుకోకముందే తెగిపోయేది. రైతులు దాన్ని చిట్టియ్య దువ్వెన అనేవారు. ఆ మాట చెవిన పడిన పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు. రెండేళ్ల క్రితం ఓ కంపెనీ ఇంజినీరు శాంతికుమార్ వచ్చి అడిగితే, భోజనం పెట్టి మరీ గచ్చంతా కొలతలు గీసి చూపించాడు పిచ్చి మారాజు. అతను ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. ఇప్పుడదే దువ్వెన నీలం ప్లాస్టిక్‌లో, ఇనప పట్టీతో, కంపెనీ పేరుతో కొట్లలో వేలాడుతోంది.

పదకొండింటికి లాయరు హైమ గారి ఎదుట కూర్చున్నాడు.

"ఎవరికీ చూపించకముందే పేటెంటుకి పెట్టుకోవాలండి. పోనీ, బయటపెట్టనని అతనిచేత ఏమన్నా రాయించుకున్నారా?"

"ఇంటికొచ్చి అన్నం తిన్న మనిషిచేత ఎలా రాయించుకుంటానండి?"

ఆవిడ నిట్టూర్చింది. "మీరు ముందే చేశారని రైతులు సాక్ష్యం చెబితే కంపెనీ వాళ్లు చేయించుకున్న పేటెంటు కొట్టేయించొచ్చు. ఏళ్లు పడుతుంది. అయినా అది మీదైపోదండి, ఎవరైనా చేసుకోవచ్చు."

"దాని మీద నా పేరుండదాండి?"

"ఉండదండి."

మధ్యాహ్నం షెడ్డుకొచ్చేసరికి రైతు అప్పాజీ నీలం దువ్వెనతో నిలబడి ఉన్నాడు.

"కంపెనీ దువ్వెన, బాబాయ్. ఇరుసుకి ఆనట్లేదు. కాస్త సరిచేసిపెట్టవా?"

కిందటేడు దాకా అప్పాజీ కూడా దాన్ని చిట్టియ్య దువ్వెననే అనేవాడు. చిట్టియ్యకి ఏడుపొచ్చినంత పనయింది. గచ్చు మీద వంపు గీసుకుని, పట్టీ వేడిచేసి, సరిగ్గా ఆనేలా వంచి ఇచ్చాడు.

అప్పాజీ వెళ్లాక బల్ల మీద నడుం వాల్చాడు. నాలుగింటికి భార్య సుబ్బాయమ్మ టీ తెచ్చి లేపితే లేవలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఆవిడ షెడ్డు ఊడ్చింది. గచ్చు మీద ఆయన తుడవకుండా వదిలిన ఆ ఒక్క వంపుగీత తుడవడానికి మాత్రం చేతులు రాలేదు. గోడ మేకుకి సైకిల్ చువ్వల మొదటి దువ్వెన, పళ్ల మధ్య ఎండిన నాచుతో, అలాగే వేలాడుతోంది.