హైమ కంటి మచ్చ

కల్యాణమండపం నిండా ఎర్రగుడ్డ తొడిగిన కుర్చీలున్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు, అయినా ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ధనుంజయకి పాలుపోవడం లేదు. బయట ఎండలో జనం వరసకట్టి నిలబడి ఉన్నారు. వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావడం అతని పని. ఎవరు అప్పజెప్పారో గుర్తులేదు గాని పని మాత్రం అతనిదే. ఒక పెళ్ళికొడుకుని తెచ్చి కూర్చోబెడతాడు, ఓణీ వేసుకున్న పిల్లని తెచ్చి కూర్చోబెడతాడు, ఉయ్యాల్లో బిడ్డని ఉయ్యాలతో సహా తెచ్చి కుర్చీ మీద ఆనిస్తాడు. అలా పెట్టిన ప్రతిసారీ ఆ ఖాళీ కుర్చీలోంచి ఎవరో కుచ్చిళ్ళు సర్దుకుని లేచిన చప్పుడవుతుంది, పక్క గుమ్మానికి వేలాడే తెర కాస్త ఊగుతుంది. ఎవరు వెళ్ళారో చూద్దామని తిరిగేసరికి తెర కూడా ఆగిపోతుంది.

"ఏమయ్యా, చూసి కూర్చోబెట్టు. ఆ కుర్చీలో నేనున్నా," అంటుంది హైమ.

పెళ్ళాం గొంతు విని ఎల్లుండికి ఏడాది. పోయిన మనిషి మాట్లాడుతోందేమిటి చెప్మా అని అతనికి తోచదు. కలలో ఎవరికి తోచింది గనక! హమ్మయ్య, మనిషి దొరికింది, ఇంక ఫోటో సంగతి తేలిపోతుంది అని మాత్రం అతని ప్రాణం లేచొస్తుంది.

"ఎక్కడున్నావే?"

"ఉండనిస్తేగా. ఆ పెళ్ళికొడుకుని తెచ్చి నా ఒళ్ళో కుదేస్తే లేవక ఏం చెయ్యను?"

వంటల వైపు గుమ్మం దగ్గర ఆమె నిలబడి ఉంది. ఆకుపచ్చ నేతచీర, కొంగు నడుముకి దోపి ఉంది, చేతులకి తడి పిండి. అన్నీ ఉన్నాయి గాని కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతున్న మూత కాదది, ఫ్లాష్ వెలిగిన క్షణానికి రెప్ప టక్కున వాలిపోయిన మూత. ఆ మూత ఎలా ఉంటుందో ధనుంజయకి తెలిసినంతగా పొదిలి మొత్తంలో ఇంకెవరికీ తెలియదు.

పొదిలి బస్టాండు ఎదురు సందులో హైమ డిజిటల్ స్టూడియో అతనిది. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఎవరైనా తీస్తారు, ధనుంజయ పేరంతా పోయినవాళ్ళ ఫోటోలకి. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఫోటో దిగని ముసలమ్మ పోయిందంటే అతనికి కబురొచ్చేది. వెళ్ళి, గోడకి ఆనించి కూర్చోబెట్టిన ఆ మొహాన్ని తీసుకొచ్చి, కంప్యూటర్లో ముక్కులోని దూదీ గడ్డం కింద కట్టూ చెరిపేసి, మూసిన కళ్ళు తెరిపించి, పెద్దకర్మ నాటికి ఫ్రేము కట్టి చేతిలో పెట్టేవాడు. "అచ్చం బతికొచ్చినట్టుందయ్యా" అని ఇంటిల్లిపాదీ గొల్లుమనేవాళ్ళు. ఆ తెరిపించిన కళ్ళు ఎవరివని ఒక్కళ్ళూ అడగలేదు. మగవాళ్ళకి అతనివే. ఆడవాళ్ళందరికీ హైమవి. ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, రెండువైపులా లైట్లు పెట్టి ఒకసారి తీసి ఉంచుకున్న కళ్ళు అవి. ఎవరికి అతికించాలంటే వాళ్ళ వయసుకి తగ్గ ముడతలు పెట్టుకోవడమే. అతికించే ముందు మాత్రం మచ్చ తుడిచేసేవాడు. హైమ కంటి తెలుపులో కాఫీచుక్కంత మచ్చ ఉండేది, పుట్టుకతో వచ్చింది, వాళ్ళమ్మకీ అక్కడే ఉండేదట. ఆ తుడవడం చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో పండక్కి తీసిన హైమ సొంత ఫోటో అయినా సరే, చుట్టాలకి పంపేముందు మౌస్ ఒక్క నొక్కు నొక్కి దాన్ని మాయం చేసేవాడు.

"ఒక్కటన్నా ఉన్నదున్నట్టు ప్రింటు తియ్యయ్యా, అది మా అమ్మది," అని హైమ ఎన్నిసార్లందో.

"ఒరిజినల్స్ ఎక్కడికి పోతయ్యే? కంప్యూటర్లో రాయిలాగా ఉన్నయ్యి. రేపు తీస్తాలే," అనేవాడు. నాలుగు రోజుల జ్వరం ఆమెని తీసుకుపోయింది. రేపు మిగిలిపోయింది.

సంవత్సరీకానికి ఆ ఒక్క ప్రింటూ తీద్దామని వారం కిందట కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళ ఫోటోల లైబ్రరీ తెరిస్తే బొమ్మలున్న చోటల్లా బూడిదరంగు గళ్ళు. డిస్కు చెడి ఫోటోలన్నీ పోయాయి. పోయిన ఫోటోలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ వేశాడు, అది ఒక్కొక్కటే తవ్వి తీస్తుంటే సంబరపడిపోతూ, దొరికినవాటిని దొరికినట్టు అదే డిస్కులో దాచుకుంటూ పోయాడు. ఇంకా దొరకనివి ఆ ఖాళీ జాగాలోనే కంటికి కనబడకుండా కూర్చుని ఉన్నాయనీ, వాటి నెత్తినే తను వీటిని తెచ్చి కుదేస్తున్నాడనీ మూడోరోజుకి గాని వెలగలేదు. ఊళ్ళోవాళ్ళకి కార్డులో ఫోటోలు పోతే "దాంట్లో ఇంకేం ఎక్కించమాకండి, అట్లాగే తీసుకురండి" అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది తనే! తన దాకా వచ్చేసరికి ఆత్రంలో చేతులారా చేసుకున్నాడు. చివరికి హైమవంటూ బయటపడ్డవి, కళ్ళు మూసుకుందని ఎప్పుడో తనే తీసిపారేసినవి. మూడొందల పైచిలుకు హైమలు, అందరికీ రెప్పలు వాలే ఉన్నాయి.

ఇదంతా మండపంలో ఎవరూ చెప్పరు, అతనికి తెలుసు, ఆమెకీ తెలిసినట్టే ఉంది.

"ఒకసారి కళ్ళు తెరువే," అంటాడు. "ఎల్లుండే. చుట్టాల దగ్గరున్నవన్నీ నేను తుడిచినవే, మచ్చతో నీ ఫోటో ఒక్కటీ లేదు."

"పెళ్ళి ఆల్బం ఉందిగా?"

"అందులో ఆ మూల నుంచి ఈ మూల దాకా తలొంచుకునే ఉన్నావు."

"ఆధార్ కార్డు?"

"అందులో నువ్వో, మీ అన్నో చెప్పలేం."

హైమ నవ్వుతుంది. కళ్ళు మూసుకునే నవ్వుతుంది, నవ్వుతూనే నడుస్తుంది, ఆమె వెనకాలే వెళితే మండపం సన్నబడి ఒంగోలు బస్సు అవుతుంది, బస్సులో సీట్లన్నీ స్టూడియో స్టూళ్ళు, ఒక్కో స్టూలు మీదా ఒక్కో ముసలమ్మ, మెళ్ళో దండతో, నుదుట ఇంత బొట్టుతో. అందరూ అతన్ని హైమ కళ్ళతో చూస్తున్నారు. అతను నిలబడే చోటు వెతుక్కుంటూ పైన రాడ్డు పట్టుకుంటే అది ట్రైపాడ్ కాలు, చల్లగా తగులుతుంది.

"కూర్చో నాయనా," అంటుంది ముందు స్టూలు మీద పున్నమ్మ. నాలుగేళ్ళ కిందట పోయిన మనిషి, ఫోటో చెయ్యమని చెప్పి వెళ్ళిన కొడుకు మళ్ళీ రాలేదు, ఆ ఫ్రేము ఇంకా స్టూడియో గోడకే వేలాడుతోంది. "మీ ఆవిడ కళ్ళు నాకు బాగానే కుదిరినయ్యి గాని, పొద్దస్తమానం వంటింటికేసే చూస్తన్నయ్యి. అక్కడేవుందో ఏమో!"

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చి కూర్చున్నా అప్పుడు," అంటుంది హైమ. "పొంగుతయ్యేమోనని నా ప్రాణమంతా అటే ఉంది. ఈయన కదలమాక, కదలమాక అంటాడు."

"పొంగినయ్యా?"

"పొంగక! పొయ్యంతా ఏకమైంది."

ఆడవాళ్ళందరూ నవ్వుతారు. బస్సు ఎటో తిరుగుతుంది. ధనుంజయకి నవ్వు రాదు, అతను పున్నమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ కళ్ళలోకి వెతుకుతాడు, ఎడమదాంట్లో లేదు, కుడిదాంట్లో లేదు, పక్క స్టూలు దగ్గరికి పాకుతాడు, ఆ పక్కదాని దగ్గరికి, ఎవరి కళ్ళు చూసినా కడిగిన పింగాణీ గిన్నెల్లా తెల్లగా ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే బస్సు ఎంత పొడుగైపోతుందో, స్టూళ్ళు అయిపోవు, అతని మోకాళ్ళు దోక్కుపోతాయి.

"ఏం వెతుకుతున్నావయ్యా?" అంటుంది హైమ వెనకనుంచి.

"మచ్చే. ఒక్కళ్ళ దగ్గరన్నా ఉండకపోద్దా అని."

"నువ్వే తుడిచి ఇచ్చావుగా అందరికీ."

అతను లేచి ఆమె ఎదుటికి వస్తాడు. బస్సు లేదు, స్టూడియోలో ఉన్నారిద్దరూ, వెనక నీలం తెర, తెర మీద బొమ్మ గీసిన సముద్రం మెల్లగా కదులుతోంది. ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది, కొంగు సర్దుకుని, గడ్డం కాస్త ఎత్తి, అతను ఎప్పుడూ చెప్పే తీరులోనే.

"కళ్ళంటే ఎట్లాగో తెరిపిస్తాను," అంటాడు. ఆ మాట అంటుంటే సిగ్గేస్తుంది. "ఏ కంట్లో ఉండేదో చెప్పవే. మచ్చ. ఎడమా, కుడా?"

"నన్నడుగుతావేంది?"

"మీ చెల్లెల్నీ అడిగాను. ఎడమేననుకుంటా బావా అంది. మళ్ళీ, ఉండుండు, నాకు ఎదురుగా కూర్చుంటది కాబట్టి నాకు ఎడమైతే అక్కకి కుడా అంది. ఆఖరికి, ఇరవైరెండేళ్ళు కాపరం చేసినోడివి నన్నడుగుతావేంది బావా అని ఫోన్ పెట్టేసింది."

"నిజమేగా," అంటుంది హైమ. ఆమెకి కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికనిపిస్తుంది, కోప్పడితే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు. "రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసిస్తే నా మొహంలోకే చూసి తీసుకునేవాడివి. చెప్పు, ఏ కన్ను?"

"ఎడమ."

సముద్రం ఒకసారి అటు నుంచి ఇటు పోతుంది.

"కుడి," అంటాడు.

సముద్రం మళ్ళీ ఇటు నుంచి అటు పోతుంది. అతని కుడిచేతి చూపుడువేలు తనంతట తనే గాల్లో నొక్కుతూ ఉంటుంది, మౌస్ మీద ఉన్నట్టే, టక్కు టక్కుమని. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఆపుతాడు. ఆపినా లోపల కొట్టుకుంటూనే ఉంటుంది.

"నాకు గుర్తులేదే హైమా," అంటాడు. "నిజంగా గుర్తులేదు. తుడిచింది గుర్తుంది. ఎన్నిసార్లు తుడిచానో గుర్తుంది. ఎక్కణ్ణించి తుడిచానో గుర్తులేదు." అంటూనే చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు, ముక్కు కారుతుంది, తుడుచుకోవడానికి చెయ్యి వదలాలంటే భయం. ఆమె పోయిన రోజున కూడా ఇంతలా ఏడవలేదతను. ఆ రోజు ఫోటో తియ్యమని ఎవరో అంటే, ఎందుకండీ, నా దగ్గర వేలున్నాయి అన్నాడు.

"ఏడవమాక," అంటుంది. పిండి చెయ్యి తీసుకొచ్చి అతని చెంప మీద పెడుతుంది, చెయ్యి వెచ్చగా ఉంది, అట్లపిండి వాసన. "సర్లే. ఒక్కసారి తెరుస్తా. బాగా చూసుకో. చెయ్యి మాత్రం కదిలించమాక."

"కదిలించను."

"నీ చెయ్యి సంగతి నాకు తెలుసు. కింద పెట్టుకుని దానిమీద కూర్చో."

అతను స్టూలు లాక్కుని, కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని, కళ్ళల్లో ఒత్తులేసుకుని కూర్చుంటాడు. రెప్ప కొట్టకూడదు, ఈసారి తను రెప్ప కొట్టకూడదు. హైమ రెప్పలు వణుకుతాయి. కింద సన్నగా తెల్లటి గీత కనబడుతుంది, ఎడమదాంట్లో ముందు, తర్వాత కుడిదాంట్లో, ఆ గీత వెడల్పవుతుంది, లోపల ఎక్కడో వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు, ఆమె అటు తిరగబోతుంది. "వద్దే, ఇటు చూడు, పొంగితే పొంగనీ, ఇటు చూడు" అని అతను అరుస్తాడు.

ఫోన్ మోగుతోంది.

ధనుంజయ కీబోర్డు మీంచి తల ఎత్తాడు. మధ్యాహ్నం మూడున్నర. అన్నం తిని కంప్యూటర్ ముందు అలాగే ఒరిగిపోయినట్టున్నాడు, తొడకింద పడ్డ కుడిచెయ్యి తిమ్మిరెక్కి తనది కానట్టుంది. తెరమీద సాఫ్ట్‌వేర్ వెతకడం పూర్తి చేసింది. ఇంక దొరికేవి ఏమీ లేవని ఒక ముక్క రాసి ఊరుకుంది.

"బావా, ఫోటో అయిందా?" హైమ చెల్లెలు నాగరత్నం. "పంతులుగారు పొద్దున ఎనిమిదికల్లా వస్తానన్నాడు ఎల్లుండి."

"అయితది," అన్నాడు.

"కళ్ళు తెరిచి, మచ్చ ఉన్నది దొరికిందా?"

"అయితదిలే రత్నం," అని పెట్టేశాడు.

షట్టరు సగం దించి ఉంది, కిందనుంచి వచ్చిన ఎండ ఎదురుగోడ దాకా పాకింది. గోడకి పున్నమ్మ ఫ్రేము. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది, అతను దాని వంక చూడడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు చూశాడు. తిమ్మిరి చెయ్యి విదిలించుకుంటూ లేచి దగ్గరికి వెళ్ళాడు. ముసలి మొహంలోంచి హైమ చూస్తోంది, అతని భుజం మీదుగా, ఎటో, పాల వైపు. కంటి తెలుపులో గోధుమరంగు చుక్క ఉంది.

ఉందే! ఇది ఒక్కటి తుడవడం మర్చిపోయాడా? తొందరలో చేసిన పనా? ఆ అనుకోవడం ఇంకా పూర్తవనే లేదు, చెయ్యి లేచింది, చూపుడువేలు అద్దం మీద ఒక్క నొక్కు నొక్కి పక్కకి లాగేసింది.

వేలికి దుమ్ము అంటింది.

అద్దం వెనక రెండు కళ్ళూ తెల్లగా ఉన్నాయి. దుమ్మే, దుమ్ము కాక ఇంకేముంటుంది, నాలుగేళ్ళ ఫ్రేము. ధనుంజయ వేలు ఎండలోకి పెట్టి చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ చుక్క ఏ కంటి మీద ఉందో, అదైనా చూసుకోలేదు.