కసీల్దా కాంబీకి కొత్త వైరింగ్

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. రాయడం నెమ్మది. వత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే మన్నించి, మాట ఎలా ఉండాలో అలా చదువుకోండి.

ఆ ఆదివారం కసీల్దా అతోలె అనే మొక్కజొన్న జావ గంగాళం తన పాత వ్యాను కాంబీలో పెట్టుకుని, అమ్ముకోవడానికి సంతకి బయల్దేరింది. ఊరి మలుపు తిరిగిందో లేదో స్టీరింగు కింద నుంచి పొగ లేచింది. పొగ వెంట మంట. చేతికందేంత దూరంలో నీళ్ళు లేవు. గంగాళంలో ఉన్న మొక్కజొన్న అతోలెనే గరిటెలతో తోడి మంట మీద పోసింది. మంట ఆరింది. దాంతో పాటు కాంబీ ప్రాణమూ పోయింది. తాళం తిప్పితే చిన్న దీపం కూడా కన్ను తెరవలేదు.

కబురు సంతకన్నా ముందే ఇలారియోకి చేరింది. మా ఊరి నుంచి ఏటా డిసెంబరులో కొండ దాటి గ్వాదలూపె తల్లి గుడికి నడిచి వెళ్ళేవాళ్ళకి ఆయనే పెద్ద. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా కసీల్దా, కొండ మీద మంచు సంగతి నీకు చెప్పక్కర్లేదు. లైట్లు లేని బండిని జనం వెనక పెట్టలేను. శుక్రవారం తెల్లారుజామునే నడక, గురువారం సాయంత్రానికి బాగైతే సరే. లేకపోతే మా అల్లుడి ట్రక్కు వస్తుంది."

మా దగ్గర నడిచేవాళ్ళ వెనక బండి నడపడం మొక్కు. ఒకసారి ఒకరు ఎత్తుకుంటే వాళ్ళ చేతులు ఆడినంతకాలం అది వాళ్ళదే. ట్రక్కు ఒక్క ఏడు వెళ్ళిందంటే ఇక ఏటా ట్రక్కే. కసీల్దా మోకాళ్ళు సంతలోనే నడవనివ్వవు, కొండెక్కనిస్తాయా? ఆ కాంబీ వెళ్తేనే ఆమె తల్లి దగ్గరికి వెళ్ళినట్టు. మొగుడు ఫోర్తీనో పోయాక స్టీరింగు పట్టడం నేర్చుకున్నదే అందుకు.

మర్నాడు పొద్దున్నే మరిది నికనోర్ పనిముట్ల పెట్టెతో దిగాడు. ఫోర్తీనో తమ్ముడు, బస్సు డిపోలో కరెంటు పని చేసి చాలించుకున్నవాడు. బండి కిందకి దూరి, వేలితో ఏదో గీకి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"దాల్చినచెక్క కాస్త ఎక్కువైంది వదినా."

"నోర్ముయ్. కాలినంత మేరకి అతికించి పో."

"అతికించడమా? లోపలికి చూడు. మా అన్న చెయ్యి పడని తీగ ఒక్కటుందా? ఇక్కడ ఎర్రది మొదలై, మధ్యలో పచ్చదై, చివరికి బట్టలారేసుకునే తీగై తేలింది. ఇది వైరింగు కాదు, మా అన్న ఆత్మకథ."

"పోయినవాణ్ణి అనకు."

"బతికున్నప్పుడూ అన్నాను, వినలేదు. మొత్తం పీకాల్సిందే. ముక్కు నుంచి తోక దాకా కొత్తది వేస్తాను."

రంగుల్ని నమ్మడానికి లేదు కాబట్టి, ఏ తీగ దేన్ని వెలిగించేదో విప్పకముందే గుర్తు పెట్టుకోవాలన్నాడు. కసీల్దాకి చదువు రాదు. కుట్టు దారాల బుట్ట తెచ్చి ముందు పెట్టుకుంది. హెడ్‌లైట్ల తీగకి పసుపు దారం, బ్రేకు లైట్లకి ఎరుపు, ఇండికేటర్లకి ఆకుపచ్చ. కుడివైపువి అయితే ఒక ముడి, ఎడమవైపువి అయితే రెండు. నికనోర్ విప్పడం, ఆమె కట్టడం.

"హారన్‌కి గులాబీ రంగేమిటి వదినా?"

"అది నీలాగే ఊరికే అరుస్తుంది. చంటిపిల్లల రంగు కట్టాను."

రెండు రోజులకి అన్నీ విప్పాక పాత తీగల కట్ట తోకకి గట్టి తాడు ముడేశాడు. పాతది ముందు నుంచి లాగుతుంటే తాడు దాని వెంట లోపలికి వెళ్ళి దారిలో ఉండిపోతుంది. తర్వాత ఆ తాడుతోనే కొత్తది వెనక్కి లాక్కోవచ్చు. చెప్పినంత తేలిక కాలేదు. బండి అడుగున ఉన్న గొట్టంలో సగం దూరం వచ్చి కట్ట మొండికేసింది. నికనోర్ తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. కసీల్దా లోపలికెళ్ళి బట్టల సబ్బు నానబెట్టి తెచ్చి గొట్టం నోట్లో పోసింది. కట్ట సర్రున జారి వచ్చింది. నికనోర్ వెల్లకిలా పడ్డాడు.

"చెప్పి పొయ్యొచ్చు కదా."

"చెప్తే నువ్వు వాదిస్తావు."

పాతదాన్ని వాకిట్లో పరిచి, పక్కన నికనోర్ కొని తెచ్చిన కొత్తది పరిచారు. కుబుసం పక్కన పాము పడుకున్నట్టుంది. కసీల్దా పాతదాని మీది దారాలు ఒక్కొక్కటే విప్పి, కొత్తదానిలో అదే చోట కడుతూ వచ్చింది. చివరికి పాతదానిలో ఒక సన్నటి తీగ మిగిలింది. గుమ్మం గంటకి వాడే రకం. దానికి జోడీ కొత్తదానిలో ఎక్కడా లేదు. పొడవునా నల్లగా మాడి, పక్కనున్న తీగల్ని కూడా మాడ్చింది.

నికనోర్ దాన్ని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు. ఒక కొస వెనక బ్యాటరీది. రెండో కొస ముందు, స్టీరింగు పక్కన తల్లి బొమ్మ దగ్గర వెలిగే చిన్న బల్బు దీపానిది. మధ్యలో ఫ్యూజు లేదు.

"బండి తాళం తీసినా ఆరిపోకూడదన్నాడు మీ అన్న," అంది కసీల్దా మెల్లగా. "మన చేత్తో తల్లి దీపం ఆర్పకూడదని."

నికనోర్ ఆ తీగని చుట్ట చుట్టి పక్కన పడేశాడు. "ఇన్నేళ్ళు కాలకుండా ఉన్నందుకు ఆ తల్లికే దండం పెట్టాలి. వదినా, దీన్ని మళ్ళీ వెయ్యను."

"దీపం లేకుండా నేను వెళ్ళను."

"అయితే ట్రక్కుని వెళ్ళమను. జనం వెనక నిప్పుని నడపమంటే నా చేతులు రావు."

ఆ రోజంతా ఇద్దరూ పని మాత్రం ఆపలేదు. కొత్తది తాడుతో లాగారు, కొసలు కలిపారు. మధ్యాహ్నం చిక్కుళ్ళూ రొట్టెలూ పెడితే అతను తల దించుకుని తిన్నాడు. గురువారం పొద్దెక్కేసరికి దీపం ఒక్కటే మిగిలింది. కసీల్దా స్టీరింగు ముందు కూర్చుని తల్లి బొమ్మ వంక చూస్తూ ఉండిపోయింది. పోయినేడు కొండ మీద తన లైట్ల ముందు నడిచిన ముసలమ్మల వీపులు గుర్తొచ్చాయి. ఫోర్తీనో ఆ దీపం పెట్టింది కూడా వాళ్ళ కోసమేగా అనుకుంది.

"నికనోర్, హెడ్‌లైట్లతో పాటు వెలిగేట్టు చెయ్యి. ఫ్యూజు పెట్టే చెయ్యి. దారిలో ఉన్నంతసేపు వెలిగితే చాలు. ఇంటికొచ్చాక తల్లికి ఇంట్లో దీపం ఉంది."

"మా అన్న ఏమంటాడో."

"ఏమన్నా అంటే నాతో అంటాడు. నీకెందుకు?"

అతను నవ్వాడు. కొత్త తీగ వేసి, కొసకి తనే బుట్టలోంచి తెల్ల దారం తీసి కట్టాడు.

సాయంత్రం ఇలారియో వచ్చి బండి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కసీల్దా బ్రేకు తొక్కింది.

"వెలిగింది," అన్నాడు. ఆ తర్వాత ఇండికేటర్లు కుడివి, ఎడమవి, చివరికి నాలుగూ కలిపి వేయించి చూశాడు. ముందుకి నడిచి హెడ్‌లైట్లు చూశాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, నమ్మకం కుదరక, ఇంకోసారి తొక్కమన్నాడు. ఆమె తొక్కింది. తర్వాత ఊరంతటికీ వినపడేట్టు హారన్ కొట్టింది.

"చాల్లే అమ్మా, నాకు చెవులున్నాయి," అన్నాడు. "తెల్లారుజామున మన ఊరి గుడి ముందు ఉండు. మా అల్లుడికి చెప్తాలే, వాణ్ణి కూడా నడవమని."

కొండ మీద ఆ పొద్దు మంచు చెయ్యి చాపితే చెయ్యి కనపడనంతగా దిగింది. కసీల్దా మొదటి గేరు వదలకుండా నడక వేగాన వెళ్తోంది. నికనోర్ పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముందు ఎవరి వీపులూ కనపడటం లేదు, ప్రార్థనలు మాత్రం వినిపిస్తున్నాయి. అంతలో మంచులోంచి ఒక ముసలి గొంతు వెనక్కి పిలిచింది.

"కసీల్దా, ఉన్నావా?"

ఆమె లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించింది. ముందు నడక మళ్ళీ సాగింది.

పిలిచింది నేనే.

దొమితీలా క్వౌత్లే, డెబ్బై మూడేళ్ళు, ఇప్పుడు అత్లిస్కోలో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.