ఒంటికాలి రాక్షసుడు

తలవంచి, ఎర్రదీపపు కర్రను పక్కకు ఊపి, ఇసోబే మరొక సైకిలుకు దారి ఇచ్చాడు. అసౌకర్యానికి మన్నించమన్నాడు. భవనాలు కూల్చేచోట కాపలావాడికి కూల్చడంతో పనిలేదు; దారినపోయేవారికి వంగడమే అతని ఉద్యోగం. ఏళ్ల తరబడి వంగిన నడుము ఆ కోణంలోనే గట్టిపడింది. హెల్మెట్ పట్టీ ఒరిసి చెంప మీద తెల్లటి చార పడింది.

టోక్యోలోని ఆ వీధిలో ఈసారి కూలుతున్నది ఊరంతా స్నానం చేసిన స్నానశాల. కూల్చిన ఇళ్ల కలపతోనే అక్కడ నీళ్లు కాగేవి. కొలిమి చూసే సకునోసుకే ఒకనాడు ఆ కలపలోంచి జానెడు రబ్బరు రాక్షసుడి బొమ్మను లాగి, స్నానానికి వచ్చిన ఇసోబే చేతిలో పెట్టాడు. ఎడమకాలు ఊడిపోయింది, ఆ రంధ్రం నుంచి తెరిచిన నోటిదాకా లోపలంతా బోలు. అప్పటినుంచి సెలవురోజుల్లో ఇద్దరూ దాన్ని కెమెరాకు దగ్గరగా పట్టుకొని, దూరాన ఉన్న ఆకాశహర్మ్యాలను దాని పంజా కింద పెట్టి ఫొటోలు తీసేవారు. ఇందులో మాయేమీ లేదు. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనిపిస్తుంది. కంటికున్న ఆ లోపం వారికి చాలా పనికొచ్చింది.

స్నానశాల అమ్ముడుపోయాక సకునోసుకేకు తలదాచుకునే గది పోయింది. ఆపైన ఊపిరి తగ్గుతూ వచ్చింది. నిన్న ఆసుపత్రిలో ముక్కు దగ్గరి గొట్టం పక్కకు నెట్టి అన్నాడు:

"ఒరేయ్ ఇసోబే, వాళ్ల యంత్రం ముట్టుకోకముందే ఆ స్నానశాల పొగగొట్టాన్ని మన రాక్షసుడు పడగొట్టాలి. ఆ ఫొటో చూసే పోతాను."

మధ్యాహ్నం నుంచి పొగగొట్టాన్ని కోస్తారు. చుట్టూ దుమ్ము ఆపే తెల్లటి తెర అప్పటికే సగం ఎత్తుకు లేచింది. పొద్దున ఫొటోకు అనుమతి అడిగితే పర్యవేక్షకుడు నెగిషి నవ్వాడు.

"ఈ వయసులో బొమ్మలాటలేంటి పెద్దాయనా? మీకు జీతమిచ్చేది వంగడానికి. వంగండి, చాలు."

స్నానశాల బావి పూడ్చేముందు అర్చకుడు వచ్చాడు. ఉప్పు చల్లి, బియ్యపు సారా పోసి, జలదేవతకు ఊపిరాడాలని బొటనవేలంత లావు వెదురు గొట్టాన్ని బావిలో నిలబెట్టించాడు. దేవతకు ఊపిరితిత్తులున్నాయని ఎవరు పరీక్షించి తేల్చారో తెలియదు. కొలిమి మనిషికి మాత్రం ఉండేవి. వాటి గురించి ఆ గుంపులో ఒక్కరూ అడగలేదు.

మంత్రం మొదలుకాగానే అందరి తలలూ వంగాయి. ఇసోబే తల వంగలేదు. జేబులోంచి రాక్షసుణ్ణి తీసి, మోకాలి మీద కూర్చుని, తెర పైన మిగిలిన పొగగొట్టానికి దాని పంజా ఆనేలా సరిచూసి ఫొటో తీశాడు.

తల ఎత్తిన నెగిషి చూశాడు. "సిగ్గులేదూ నీకు?"

"ఉండేది. మీకోసం వంగీ వంగీ అయిపోయింది."

హెల్మెట్టూ, కర్రా అతని చేతుల్లో పెట్టి ఇసోబే నడిచివెళ్లాడు.

ఆసుపత్రిలో మంచం మీద దుప్పటి మడిచి ఉంది. పొద్దున్నే పోయారని నర్సు తలవంచి చెప్పింది. ఇసోబే ఫొటోను ఆమెకే చూపించాడు. ఎవరో ఒకరు చూడాలి. ఆమె చాలాసేపు చూసి, పొగగొట్టం నిజంగానే ఒరిగినట్టుందని అంది.

చీకటిపడే వేళకు పనివాళ్లు వెళ్లిపోయారు. ఇసోబే ఒక్కడే తిరిగి వచ్చాడు. మట్టి నింపిన బావి మీద, దేవత ఊపిరి కోసం పైకి వదిలిన వెదురు గొట్టాన్ని ఊడిన కాలి రంధ్రంలో బిగించుకొని, రబ్బరు రాక్షసుడు నోరు తెరుచుకొని నిలబడి ఉన్నాడు.