పేరుకు తగ్గ అక్షరం

సోమవారం పొద్దున పదకొండు గంటలకు బీరయ్యకు ఉద్యోగం దొరికింది. మంగళవారం పదకొండు గంటలకల్లా అది చేజారిపోయేలా ఉంది. మధ్యలో అడ్డంగా నిలిచింది తాళం వేసిన ఒక చెక్క బీరువా.

బీరయ్యకు ముప్పై ఎనిమిదేళ్లు. జనగామ దగ్గరి ఒక ఊళ్లో దొరగారి పశువుల కొట్టమే అతని బడి. పోలీసు చర్య జరిగిన ఏడాది పెళ్లాం యాదవ్వను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషన్లో మూటలు మోశాడు. ఒకనాడు ఎవరిదో ఇనప పెట్టె ఎత్తబోయి ప్లాట్‌ఫారం మీదే కూలబడ్డాడు. దవాఖానలో డాక్టరు ఇక బరువులెత్తొద్దన్నాడు. మరి ఏం ఎత్తి బతకాలో చెప్పడం డాక్టరు పని కాదు.

స్టేషన్ వెనక సందులో ఒక బోర్డు ఉండేది: ‘ప్రజాభ్యుదయ వయోజన వృత్తి శిక్షణ సమితి’. బోర్డు గది కన్నా పెద్దది. సమితికి అయిదు ఆశయాలు. నాలుగింటి మీద కార్యదర్శి వామన్‌రావు ఉపన్యాసాలిస్తాడు. అయిదోది అచ్చు పని నేర్పడం. అది దేవప్రసాద్ చేస్తాడు. మెదక్‌లో మిషన్ వాళ్ల ప్రెస్సులో ఇరవయ్యేళ్లు అక్షరాలు కూర్చిన మనిషి, నెమ్మదస్తుడు, భయస్తుడు.

సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. పలక పట్టని బీరయ్య ఓనమాలు నేర్చింది వాటి మీదే. మొదటి మూడు నెలలు సుల్తాన్ బజార్‌లో దుకాణాల బోర్డులన్నీ ఎవడో తెలివితక్కువవాడు తిరగరాశాడనే అనుకున్నాడు. పది నెలలకు దేవప్రసాద్ కన్నా వేగంగా వాక్యం కూర్చడం నేర్చాడు. అతనితో పాటు మరో పది మంది గట్టెక్కారు.

అందరి పేరా సర్టిఫికెట్లు అచ్చయ్యాయి. వామన్‌రావు సంతకం చేసి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు. అది జరిగి ఎనిమిది నెలలు.

ఎందుకంటే సర్టిఫికెట్లు ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇవ్వాలి. ముఖ్య అతిథి అంటే మంత్రి. మంత్రి ఒకసారి పెళ్లికి పోయాడు, ఒకసారి ఢిల్లీకి పోయాడు, మూడోసారి వచ్చాడు గాని పక్క సందులో పందిరి పెద్దదని ఆ సభకు పోయాడు. ఈలోపు పదకొండు మందిలో టాంగా తోలే బిచ్చయ్య జ్వరంతో చచ్చిపోయాడు. అతని సర్టిఫికెట్ మాత్రం చెద పట్టకుండా క్షేమంగా ఉంది.

సర్కారు అచ్చు కార్ఖానా ఒకదానిలో తెలుగు అక్షరాలు కూర్చేవాళ్లు కావాలన్నారు. బీరయ్య సోమవారం వెళ్లాడు. సూపరింటెండెంటు రాజనర్సు ముందు ఒక పేజీ కూర్చి చూపించాడు. రాజనర్సు అద్దాలు సవరించుకుని, తప్పు కోసం వెతికి, దొరక్క, “మంచిగున్నది. శనివారం లోపల సర్టిఫికెట్ తెచ్చియ్యి. లేకుంటే తర్వాతోణ్ణి పిలుస్త” అన్నాడు.

మంగళవారం బీరయ్య అబిడ్స్‌లో వామన్‌రావు మేడ మెట్లెక్కాడు.

“దొరా...”

“దొరా అనకు. కాలం మారింది. అందరం సమానం. సార్ అను” అన్నాడు వామన్‌రావు, కుర్చీలో వెనక్కి వాలి, నిలబడ్డవాణ్ణి నిలబడే ఉంచి.

“సార్, నా కాయితం జర ఇప్పియ్యిన్రి. శనివారం దాటితె కొలువు పోతది.”

“సంస్కారం లేకుండా మాట్లాడకు. అదేమన్నా ఉప్పు పొట్లమా, చాటుగా చేతిలో పెట్టడానికి? సభ, దండలు, ఫోటో... దానికో పద్ధతుంది.”

“ఎన్నడు సార్ సభ?”

“మంత్రిగారు ఎప్పుడంటే అప్పుడు.”

ఇంటికొస్తే యాదవ్వ పొయ్యి ముందు నుంచే అడిగింది. “ఇచ్చిండా?”

“సంస్కారం లేదన్నడు.”

“ఎవలికి?”

“నాకే.”

“గా సంస్కారం నేర్పనీకె ఇంకెన్ని నెలలు పడ్తదంట? ఇగో, నేను మల్ల ఆ కొట్టంల పేడ తీయనీకె రాను. నువ్వే పో. పోయి ఎడ్లకు సదువు చెప్పు.”

ఆ రాత్రి బీరయ్య నిద్ర మాని ఆలోచించాడని రాయడం తేలికే. కాని అతను హాయిగా నిద్రపోయాడు. ఉపాయం తట్టింది బుధవారం మధ్యాహ్నం, సమితి గదిలో, ఒక పెళ్లి శుభలేఖ కూరుస్తుండగా.

దేవప్రసాద్ నేర్పిన మొదటి పాఠం అక్షరాలు కాదు, అంతస్తులు. “ఎవరి పేరు ఎంత అక్షరంలో వెయ్యాలో తెలియకపోతే ఈ పనిలో బతకలేవు బీరయ్యా” అనేవాడు. అక్షరం సైజును పాయింట్లలో కొలుస్తారు. మామగారికి ఇరవై నాలుగు పాయింట్లు. వియ్యంకుడికి అంతకు అణువంత తగ్గినా పెళ్లి ఆగుతుంది. అన్నిటికన్నా పెద్దవి ముప్పై ఆరు పాయింట్ల అక్షరాలు. వాటి డబ్బా వేరే. మంత్రి కోసమని వామన్‌రావు కొనిపెట్టాడు. ఎనిమిది నెలలుగా ఎవరూ ముట్టలేదు.

బీరయ్య ఆ డబ్బా తెరిచాడు.

“ఏం చేస్తున్నావు?” దేవప్రసాద్ తలుపు వైపు చూస్తూ అడిగాడు.

“పంతులూ, మీరు జర చాయ్ తాగి రాన్రి. మీరు చూడలే. మీకేం తెల్వదు.”

దేవప్రసాద్ ప్రభువును తలచుకుని చాయ్ తాగడానికి వెళ్లాడు. ఒకటి కాదు, మూడు తాగాడు.

సాయంత్రానికి బీరయ్య ఒక ఆహ్వానపత్రం నమూనా పట్టుకుని మళ్లీ మేడ ఎక్కాడు. శనివారం ఉదయం పది గంటలకు సభ. ముఖ్య అతిథి రాజనర్సుగారు, ఇరవై నాలుగు పాయింట్లలో. సభాధ్యక్షులు వామన్‌రావుగారు, కార్డుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ముప్పై ఆరులో.

వామన్‌రావు మండిపడబోయాడు. చూపు తన పేరు మీద పడి అక్కడే ఆగిపోయింది.

“ఎవరయ్యా ఈ రాజనర్సు? అచ్చు కార్ఖానా వాడా? మంత్రి ఎక్కడ, వీడెక్కడ?”

“నిజమే సార్. మంత్రిగారైతెనే మంచిగుంటది. కాని ఆయనొస్తె ముప్పై ఆరు ఆయనకే పెట్టాలె. మీది పన్నెండుల పడ్తది. కింద. మైకు ఇచ్చినోడి పేరు పక్కన.”

వామన్‌రావు కార్డును దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. పన్నెండు పాయింట్లంటే ఎంతో బీరయ్య వేలి కొనతో చూపించాడు. చీమ తల కన్నా కాస్త పెద్దది.

“ప్రజాస్వామ్యంలో అధికారులను కూడా గౌరవించాలి” అన్నాడు వామన్‌రావు చివరికి. “వంద వెయ్యి.”

బీరయ్య తొంభై తొమ్మిది వేశాడు. నూరోది వేరుగా కూర్చాడు. అందులో ముప్పై ఆరు పాయింట్లలో ఉన్నది రాజనర్సు. వామన్‌రావు పన్నెండులో కిందికి దిగి కూర్చున్నాడు. ఆ ఒక్క కార్డును కవరులో పెట్టి, రాజనర్సు పేర అబిడ్స్ పోస్టాఫీసులో వేశాడు.

రాజనర్సు ముప్పయ్యేళ్లుగా ఊరందరి పేర్లూ అచ్చు వేశాడు. తన పేరు మాత్రం ఎప్పుడూ పేజీ అడుగున, భూతద్దం పెడితే కనబడేంత. శుక్రవారం మధ్యాహ్నం సమితి గదికి జవాబొచ్చింది. తప్పక వస్తానని రాసి, తన పేరు కింద రెండుసార్లు గీత గీశాడు.

శనివారం పదింటికి సందులో షామియానా లేచింది. జనం యాభై మంది. మైకు, దండలు, ఫోటోగ్రాఫరు. వెనక వరసలో యాదవ్వ. వామన్‌రావు పదీ పదికి మైకు పట్టుకుని, పదకొండున్నర దాకా వదల్లేదు. మొదటి నాలుగు ఆశయాలూ అయ్యాయి. ముఖ్య అతిథిగారి పూర్తి హోదా చదవడానికి జేబులోంచి తన కార్డు తీసి, చదివి, బల్ల మీద పెట్టాడు.

అదే సమయానికి, ఇంకెంతసేపు ఉందో చూద్దామని, రాజనర్సు తన కోటులోంచి తన కార్డు తీశాడు.

రెండు కార్డులూ పక్కపక్కన పడ్డాయి.

దేవప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. రాజనర్సు ఒక కార్డు చూశాడు. రెండోది చూశాడు. అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. తరువాత రెండిటినీ కలిపి బోర్లా తిప్పి, మీద అరచెయ్యి పెట్టాడు. మొహంలో ఏమీ లేదు.

సర్టిఫికెట్ల పంపకం మొదలైంది. “బిచ్చయ్య!” అని పిలిచాడు వామన్‌రావు. ఎవరూ రాలేదు. “బిచ్చయ్య! రాలేదా? చూశారా, ఇదీ మనవాళ్ల క్రమశిక్షణ” అన్నాడు మైకులో. చచ్చినవాడి తరఫున జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది.

చివరి పేరు బీరయ్యది.

బీరయ్య బల్ల దగ్గరికి నడిచాడు. రాజనర్సు కాగితం అందించాడు. బీరయ్య పట్టుకున్నాడు. రాజనర్సు వదల్లేదు.

“ఇటు చూడండి, కదలొద్దు” అన్నాడు ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కిందికి దూరుతూ. వామన్‌రావు మధ్యలోకి తల దూర్చి, కెమెరా వైపు తిరిగి, చిరునవ్వు బిగించి రాయిలా నిలబడ్డాడు. అతని వీపు వెనక, కాగితం చెరో అంచు పట్టుకుని, ఇద్దరు మనుషులు పెదాలు కదిపీ కదపకుండా మాట్లాడుకున్నారు.

“సోమవారం వచ్చినోడివి నువ్వే గదా?”

“ఔ సార్.”

“రెండు కార్డులూ నువ్వే చేసినవా?”

“ఔ సార్.”

“ఎందుకట్ల?”

“ఒక్క కార్డుల ఇద్దరు పెద్దోళ్లు పడ్తలేరు సార్.”

రాజనర్సు గొంతులో ఏదో గురగురమంది. దగ్గో, నవ్వో, కోపమో తెలియలేదు. కాగితం ఇంకా వదల్లేదు.

“ఇంకొక్కసారి,” అన్నాడు ఫోటోగ్రాఫరు. “అధ్యక్షులవారు కాస్త పక్కకు...” అధ్యక్షులవారు ఇంకాస్త మధ్యకు జరిగారు.

“సూడు,” అన్నాడు రాజనర్సు, “మా కార్ఖానల ఇప్పుడు ఓటర్ల జాబితాలు నడుస్తున్నయి. వేల పేర్లు. దొరది, పాలేరుది, నాది, గీ ముందర నిలబడ్డ సారుది, అందరియి ఒక్కటే అక్షరం. పది పాయింట్లు. ఎవ్వనికి ఎక్కువ లేదు, ఎవ్వనికి తక్కువ లేదు. చాతనైతదా?”

బీరయ్య నిజం చెప్పాడు.

“అది మాకు గీడ నేర్పలే సార్. నేర్చుకుంట.”

రాజనర్సు కాగితం వదిలేశాడు.