గ్రేసీ తడి అడుగులు

ఐరాల పక్కన రామచంద్ర బెల్లం గానుగలో తెల్లారేసరికే పొయ్యి మండేది. చెరుకు రసం పెనంలో కాగతా ఉంటే, పాకం చేత్తో తీసి చూసి, దింపమని చెప్పేది పెంచలయ్య. ఇరవై ఏళ్ళుగా ఆయన మాటే మాట. ఆ ఏడు మాత్రం పాకం మాట వినలేదు. ఎంత కాచినా, ఎంత సున్నం వేసినా, ముద్ద కట్టకుండా బంకలాగా చేతికంటుకునేది.

ఎందుకో తెలీదంటే మనిషికి నిద్ర పట్టదు గదా, ఏదో ఒకటి చెప్పుకోవాల. ఒకరు పొయ్యి అన్నారు, ఒకరు కట్టెలన్నారు. ఆఖరికి పెంచలయ్యే అన్నాడు, పాకం కలిపేదానికి కొత్తగా వచ్చిన గ్రేసీ చెయ్యి మంచిది కాదేమోనని. ఆమె వచ్చిన వారానికే బెల్లం చెడింది మరి. ఆ మాట అందరికీ భలే నచ్చింది.

మర్నాటి నుంచి గ్రేసీ నడిస్తే గచ్చు మీద తడి అడుగులు పడినాయి. ఆ ఊళ్ళో అది మామూలే. నలుగురూ ఎవర్ని అనుమానిస్తే వాళ్ళ అరికాళ్ళు చెమ్మగిల్లతాయి. పోయినేడు గానుగ మోటరు ఎవరో ఎత్తుకుపోయినప్పుడు, కూలికొచ్చే మునిశేఖర్ నెల్లాళ్ళు తడికాళ్ళతో తిరిగినాడు, దొంగ వేరే ఊళ్ళో దొరికిందాకా. అదెవరికీ గుర్తు రాలేదు. తడి కళ్ళకు కనబడతా ఉంటే ఇంకేం సాక్ష్యం కావాల?

గ్రేసీ మొగుడు మంచాన పడినాడు. ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే సాకతా ఉండాది. రామచంద్ర ఆమెను మాన్పించేస్తానన్నాడు.

అంతలో ఆమె మూడు రోజులు పలమనేరులో అమ్మగారింటికి పోయింది. ఆ మూడు రోజులూ బెల్లం బంకే. ఆమె అడుగుల చెమ్మ ఇంకా ఆరలేదు గదా అని పెంచలయ్యే సర్దిచెప్పినాడు. చెప్పినాక ఆ మాట ఆయన్నే గుచ్చుకునింది. ఉంటే ఆమె వల్ల, లేకపోయినా ఆమె వల్లే అయితే, ఇంక ఆమె తప్పు కాదని తెలిసేదెట్లా? అప్పుడు తట్టింది, దిగువ చేనికి ఈ ఏడే కొత్త బోరు నీళ్ళు పెట్టినారని, ఇన్నాళ్ళూ ఆడింది ఆ చేని చెరుకేనని. ఆ ఉప్పు నీళ్ళల్లో ఎద్దులు కూడా మూతి పెట్టవు.

"రెండు పెనాలు కాస్తామప్పా. ఎగువ చేని చెరుకొకటి, బోరు కింద చెరుకొకటి. రెండూ గ్రేసీనే కలపనీ," అన్నాడు రామచంద్రతో.

జనమంతా చేరి పెనాలు చూడకుండా ఆమె కాళ్ళే చూస్తా నిలబడినారు. ఎగువ చేని బెల్లం రాయి మాదిరి గట్టిపడింది. రెండోది జారిపోయింది. నమ్మకుండా ఇంకో రెండు రోజులు కాయించినారు. అదే తంతు. మెల్లగా ఒక్కొక్కరే, బోరు నీళ్ళని నేనెప్పుడో అనుకున్నా అనడం మొదలుపెట్టినారు. గ్రేసీ అడుగులు ఆరిపోయినాయి.

రామచంద్ర ఆమెను ఎప్పట్లాగే పనికి రమ్మన్నాడు. ఆమె తెడ్డు కడిగి గోడకానించి, పెంచలయ్య దగ్గరికొచ్చింది.

"రేపు ఇంకొకటి చెడితే మొదట ఎవరి కాళ్ళు చూస్తారన్నా?"

అడిగి, ఆమె అట్నే ఇంటికి పోయింది. గ్రేసీ కాణిపాకంలో ఒక హోటల్లో వంటపనికి కుదిరింది, మళ్ళీ ఆ గానుగ మొహం చూడలేదు.

ఆమె అట్లా అడిగిన సాయంత్రం పెంచలయ్య గచ్చు మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఆయన్ని అనుమానించాలని ఒక్కరికీ తోచలేదు.