ఇంట్లో విన్నవారి మాట

పిల్లలు చాటుగా నన్ను కత్తెర మేడమ్ అంటారు. అననీ. కాలేజీ దరఖాస్తుతో పంపే వ్యాసం ఆరువందల యాభై మాటలు దాటకూడదు. వీళ్ళేమో పుట్టిన రోజు నుంచి మొదలుపెడతారు. కోయక ఏం చేయను?

నాదొక నియమం. రాసింది ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించాలి, విన్నవాళ్ళు కింద ఒక మాట రాయాలి. చాలామంది తండ్రులు 'బాగుంది' అని గీకి చేతులు దులుపుకుంటారు. గొణుగుడు పిల్ల వాళ్ళమ్మ అలా కాదు. ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది నేనే. ఎంత కసిరినా గొంతు పెగలదు.

"మొదటి రెండు పేరాల్లో ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. మూడో పేరాకి గానీ నా కూతురు రాలేదు" అని రాసిందావిడ మొదటి వారం. ఔరా అనుకున్నాను. కింద ఎర్ర సిరాతో, "నాకూ అలాగే అనిపించిందండీ" అని రాశాను.

అంతే, ఎనిమిది వారాలు అదే అలవాటైపోయింది. ఒకసారి, "మీ చేతిరాత వణుకుతోంది. సరిగ్గా నిద్రపోతున్నారా?" అని రాసింది. నా నిద్ర సంగతి ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కాగితం చేతికొచ్చే మంగళవారం కోసం ఎదురుచూసేదాన్ని. మా ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే.

ఆ పిల్ల వ్యాసం పేరు 'నా మాట వినే అమ్మ'. గడువు శుక్రవారం. బుధవారం మధ్యాహ్నం, వ్యాసం కోసమే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆవిడకి ఫోన్ చేశాను.

"ఎవరండీ?" నిద్రగొంతు.

"వ్యాసం మేడమ్‌నండీ. మీరు రాసే మాటలు చాలా..."

"నేను రాయడమేంటండీ? ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ నాది. అది బడి నుంచి వచ్చేసరికి పడుకునుంటా. నేను లేచేసరికి అది మీ దగ్గరుంటుంది. ఏమైనా తప్పు చేసిందా?"

"అబ్బే, లేదండీ. బాగా రాస్తోంది."

ఫోన్ పెట్టేశాను. మోసపోయానన్న కోపం కంటే, ఆ మాటలు రాసే ఆవిడే లేదన్న దిగులు ఎక్కువైంది.

మర్నాడు పిల్లని నిలదీశాను. "ఎవరికి చదివావే?"

"అమ్మకే మేడమ్. నిద్రపోతుంటే పక్కన కూర్చుని మెల్లగా చదువుతా. లేపితే పాపం డ్యూటీలో తూలిపోతుంది. వింటే ఏమనేదో అదే, అక్షరాలు మార్చి రాశా."

గొణుగుడు ఎక్కడిదో అప్పుడర్థమైంది.

"ఇది పంపను. ఇప్పుడు చెప్పావు చూడు, అది రాయి. మీ అమ్మకి చూపించి తీసుకురా."

"బాధపడుతుంది మేడమ్! గడువు రేపే!"

"తెలుసు."

ఆ మొండితనంలో సగం కోపమే. ఆ రోజంతా, ఈ పిల్ల కాలేజీ సీటు నా చేతులారా పాడుచేశానేమోనని కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

శుక్రవారం తెచ్చింది. నేను ఒక్క మాట కూడా కోయలేదు. కింద వంకర అక్షరాలు: "నన్ను లేపొచ్చు కదే పిచ్చిమొద్దూ. ఒకపూట నిద్ర లేకపోతే చచ్చిపోతానా?"

"మూడుసార్లు చదివించుకుంది మేడమ్!" ఆ పిల్లకి అంత గొంతుందని నాకు తెలీదు.

వ్యాసం పంపేశాం. అలవాటుగా ఎర్ర పెన్ను తీశాను. ఆ మాట నాకు రాసింది కాదు. మూత పెట్టేశాను.

గుమ్మం దగ్గర ఆగింది. "మంగళవారం రానా మేడమ్? మీకు నిద్ర పడుతోందా?"

"పనైపోయిందిగా, ఇంకెందుకు? మీ అమ్మ లేచే వేళైంది, ఇంటికి పో" అని కసిరాను.

పోయింది.